కలన గణితం: పుట్టింది ఒక వరస, చెప్పేది ఇంకో వరస

దోహాలో మన తెలుగు కుటుంబాలు ఆగస్టు నెలాఖర్లో కలుసుకుంటే మాట్లాడుకునేవి రెండే విషయాలు. ఒకటి ఉక్కపోత, రెండోది పిల్లల కాలేజీలు. అక్టోబరు వచ్చేసరికి ఉక్కపోత తగ్గుతుంది, కాలేజీల గొడవ మాత్రం ముదురుతుంది. అప్పటికి మొదటి మిడ్‌టర్మ్ అయిపోతుంది మరి. ప్లస్ టూలో లెక్కల్లో తొంభై అయిదు తెచ్చుకున్న పిల్లలు కాలేజీ కాల్‌క్యులస్‌లో నలభై, యాభై దగ్గర ఆగిపోతారు. తల్లిదండ్రులేమో "వీడు సరిగ్గా చదవట్లేదు" అంటారు, పిల్లలేమో "నాకు లెక్కలు రావని ఇప్పుడు తెలిసింది" అంటారు. నా ఉద్దేశంలో రెండూ తప్పే. అసలు కారణం ఆ సబ్జెక్టు చరిత్రలో ఉంది. కొద్దిగా ఓపిక చేసుకుంటే చెబుతాను.

ముందు మనం ఎక్కణ్ణించి వచ్చామో చూద్దాం. నేను ఇంటర్మీడియట్ చదివిన రోజుల్లో లెక్కలు నాలుగు పేపర్లు. మొదటి ఏడు ఒకటి-బి లో అవధులు, అవిచ్ఛిన్నత, అవకలనం. రెండో ఏడు రెండు-బి లో సమాకలనం, అవకలన సమీకరణాలు. దాని తరవాత ఎంసెట్. 180 నిమిషాల్లో 160 బిట్లు, అందులో 80 లెక్కలవే. అంటే ఒక్కో బిట్టుకి నిమిషం పైన ఏడు సెకన్లు. అంత టైములో ఆలోచించడానికి వీలుండదు, గుర్తుపట్టాలంతే. ఈ ప్రశ్న ఫలానా టైపు, దానికి ఫలానా సూత్రం, సమాధానం ఫలానా. మనలో చాలామంది ఈ విద్యలో ఆరితేరి ఇంత దూరం వచ్చినవాళ్ళమే, దాన్ని నేను తక్కువ చెయ్యను. దోహాలోని ఇండియన్ స్కూళ్ళలో చదివే మన పిల్లలది ఎక్కువగా సీబీఎస్ఈ. అక్కడా పన్నెండో తరగతి లెక్కల పేపర్లో 80 మార్కులకి 35 కాల్‌క్యులస్‌వే. కాబట్టి కాలేజీలో ఈ కోర్సు పేరు చూడగానే "ఓస్, ఇదా, మనకి వచ్చిందేగా" అనుకోవడం సహజం.

ఖతార్‌లో కాలేజీ చదువు ఎలా పెరిగిందో కూడా రెండు ముక్కల్లో చెప్పాలి. 1973లో ఉపాధ్యాయ శిక్షణ కోసం ఒక కళాశాల పెట్టారు. 57 మంది అబ్బాయిలు, 93 మంది అమ్మాయిలు. 1977కి అదే ఖతార్ యూనివర్సిటీ అయ్యింది. 1995లో ఖతార్ ఫౌండేషన్ వచ్చాక ఎడ్యుకేషన్ సిటీలో ఒకదాని తరవాత ఒకటిగా అమెరికన్ యూనివర్సిటీల శాఖలు వెలిశాయి. 2003లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ ఇంజినీరింగు, 2004లో కార్నెగీ మెలన్ కంప్యూటర్ సైన్సు, బిజినెస్ వచ్చాయి. (టెక్సాస్ వాళ్ళ శాఖని 2028 నాటికి మూసెయ్యాలని 2024 ఫిబ్రవరిలో వాళ్ళ బోర్డు తీర్మానించింది. అది వేరే కథ.) పిట్స్‌బర్గ్‌లో చదివే పిల్లాడికీ, ఇక్కడ చదివే పిల్లాడికీ మొదటి కాల్‌క్యులస్ కోర్సు నంబరు ఒకటే, 21-120. అంటే అబూ హమూర్‌లో ఇండియన్ స్కూలు నుంచి బయటికొచ్చిన మన పిల్ల, పది పదిహేను కిలోమీటర్లు ప్రయాణించి అమెరికన్ క్లాసురూములో కూర్చుంటుంది. ఊరు మారదు, ఇల్లు మారదు, పరీక్ష మాత్రం మారిపోతుంది. తేడా అక్కడుంది.

నాకు తెలిసిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఏ కాలేజో చెప్పను. వాళ్ళ నాన్నగారిది ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం. ఫీజులో ఎక్కువ భాగం స్కాలర్‌షిప్పు మీద నడుస్తోంది. దానికి గ్రేడు ఒక గీత కిందికి పోకూడదు. మొదటి మిడ్‌టర్మ్‌లో ఆ పిల్లకి 48 వచ్చింది. కోర్సు వదులుకోవడానికి ఇంకా మూడు వారాలే గడువు. వదులుకుంటే ఇంజినీరింగు ఒక ఏడాది వెనక్కి పోతుంది, ఉంచుకుని ఫెయిలైతే స్కాలర్‌షిప్పు పోతుంది. ఇండియాకి పంపేద్దామా అని ఇంట్లో మాటలు మొదలయ్యాయి. ఒక శుక్రవారం పొద్దున్న ఆ పేపరు పట్టుకుని మా ఇంటికొచ్చారు.

పేపరంతా తిరగేశాను. సూత్రాలతో అవకలనం చెయ్యమన్నవన్నీ చక్కగా చేసింది. మార్కులు పోయిన చోట్లు వేరు. ఒక ప్రశ్న చూడండి. ట్యాంకులోకి నీళ్ళు పడుతున్నాయి. నీటి వేగం తగ్గుతూ పోతోంది. పది నిమిషాలకోసారి కొలిస్తే నిమిషానికి 30, 24, 20, 17 లీటర్లు. అరగంటలో ఎన్ని నీళ్ళు పడ్డాయో అంచనా వెయ్యండి, మీ అంచనా ఎక్కువా తక్కువా అన్నది కారణంతో చెప్పండి. అంతే. ఆ పిల్ల అక్కడ ఖాళీ వదిలేసింది.

"ఫార్ములా ఇవ్వకుండా ఇంటిగ్రేట్ ఎలా చేస్తాం అంకుల్?" అంది.

"ఇంటిగ్రేట్ చెయ్యొద్దమ్మా, కూడు చాలు" అన్నాను.

ప్రతి పది నిమిషాలకీ మొదట్లో ఉన్న వేగం తీసుకుంటే 300, 240, 200, మొత్తం 740 లీటర్లు. చివర్లో ఉన్న వేగం తీసుకుంటే 240, 200, 170, మొత్తం 610. వేగం తగ్గుతూ పోతోంది కాబట్టి అసలు జవాబు ఈ రెంటికీ మధ్య ఉంటుంది. మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ. ఇంకా దగ్గరికి రావాలంటే పది నిమిషాలకి బదులు నిమిషానికోసారి కొలవాలి. సమాకలనం అంటే ఇదే. మిగిలిన సూత్రాలన్నీ ఈ కూడికని తొందరగా చెయ్యడానికి కనిపెట్టిన అడ్డదారులు. ఏడో తరగతి పిల్లాడు కూడా చెయ్యగలిగిన ప్రశ్నని పన్నెండో తరగతిలో తొంభై అయిదు తెచ్చుకున్న పిల్ల వదిలేసిందంటే తప్పు పిల్లది కాదు. మనం అడ్డదారి మాత్రమే నేర్పాం, అసలు దారి ఎప్పుడూ చూపించలేదు.

ఇక్కణ్ణించే చరిత్రలోకి వెళదాం. కోర్సులో వరస ఏమిటి? ముందు అవధి, తరవాత అవకలనం, తరవాత సమాకలనం, చివర్లో, లేదా రెండో కోర్సులో, శ్రేణులు. చరిత్రలో జరిగింది దాదాపు దీనికి తలకిందులు.

ముందు పుట్టింది కూడిక. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఆర్కిమిడీస్, పరావలయాన్ని ఒక గీతతో కోస్తే వచ్చే ముక్క వైశాల్యం, అందులో ఇమిడే త్రిభుజానికి 4/3 వంతులని తేల్చాడు. ఇలాంటివి తనకెలా తట్టాయో రాసిన పుస్తకం ఒకటి శతాబ్దాల పాటు మాయమైపోయింది. దాని అక్షరాలు గీకేసి పైన ప్రార్థనలు రాసుకున్నారు. 1906లో హైబర్గ్ అనే పండితుడు కాన్‌స్టాంటినోపుల్‌లో దాన్ని గుర్తుపట్టాడు. ఇక మన గల్ఫుకి దగ్గర్లోకి వస్తే, పైనున్న బస్రాలో 965 ప్రాంతంలో పుట్టిన ఇబ్న్ అల్ హైథమ్. పరావలయాన్ని దాని అక్షానికి లంబంగా ఉన్న గీత చుట్టూ తిప్పితే వచ్చే ఘనం ఘనపరిమాణం, దాన్ని చుట్టుకుని ఉన్న స్తూపంలో 8/15 వంతులని లెక్క కట్టాడు. దానికోసం వరస సంఖ్యల నాలుగో ఘాతాల మొత్తానికి సూత్రం సాధించాల్సి వచ్చింది. పలచటి బిళ్ళలుగా కోసి కూడాడు, మన ట్యాంకు లెక్కలాగే. దోహాలోని ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియంలో ఆస్ట్రోలేబులు చూసినప్పుడల్లా నాకు ఈయనే గుర్తొస్తాడు.

మార్పు వేగం, అంటే అవకలనం, తరవాత వచ్చింది. దాని తొలి ఛాయలు ఆకాశంలో కనిపించాయి. భాస్కరాచార్యుడు 1150లో రాసిన సిద్ధాంత శిరోమణిలో గ్రహాల "తాత్కాలిక గతి" మాట వస్తుంది. రోజు మొత్తం మీద సగటు వేగం కాదు, ఈ క్షణంలో వేగం ఎంత అన్న ప్రశ్న అది. యూరప్‌లో ఫెర్మా గరిష్ఠ కనిష్ఠాలకి, స్పర్శరేఖలకి పద్ధతి కనుక్కున్నది 1630ల్లో.

కోర్సులో ఆఖరున వచ్చే శ్రేణులు చరిత్రలో చాలా ముందే వచ్చాయి, అదీ కేరళలో. పద్నాలుగో శతాబ్దంలో సంగమగ్రామ మాధవుడు వృత్త పరిధికి అనంత శ్రేణి ఇచ్చాడు. ఒకటిలోంచి మూడో వంతు తీసెయ్యి, అయిదో వంతు కలుపు, ఏడో వంతు తీసెయ్యి, అలా పోతూ ఉంటే పై లో నాలుగో వంతు వస్తుంది. పై విలువ పదకొండు దశాంశ స్థానాల దాకా ఆయన పేరు మీద ఉంది. 1530 ప్రాంతంలో జ్యేష్ఠదేవుడు వీటి ఉపపత్తులతో సహా యుక్తిభాష రాశాడు, సంస్కృతంలో కాదు, మలయాళంలో, వచనంలో. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి చార్లెస్ విష్ 1834లో దీని మీద వ్యాసం ప్రచురించినా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. దోహాలో ఏ అపార్ట్‌మెంటులో చూసినా ఒక మలయాళీ కుటుంబం ఉంటుంది కదా, ఈ సంగతి చెబితే వాళ్ళలో చాలామంది ఆశ్చర్యపోతారు. (అంతా మన దగ్గర్నించే ఎత్తుకుపోయారు అనేవాళ్ళకి ఒక మాట. కేరళ నుంచి యూరప్‌కి ఇది చేరిందనడానికి ఆధారం దొరకలేదు. అయినా మాధవుడి గొప్పతనానికి దాంతో పని లేదు.)

మరి న్యూటన్, లైబ్‌నిజ్ చేసిందేమిటి? ఈ విడివిడి ముక్కల్ని కలిపారు. కూడడం, మార్పు కొలవడం ఒకదానికొకటి విలోమాలని, దాంతో వందల లెక్కలు ఒకే పద్ధతిలో తేలిపోతాయని చూపించారు. న్యూటన్ 1665-66లో ప్లేగు వల్ల ఇంటిదగ్గరుండిపోయినప్పుడే చాలావరకు చేసి, ప్రచురించకుండా కూర్చున్నాడు. లైబ్‌నిజ్ 1675లో సమాకలనం గుర్తు, అంటే సాగదీసిన "ఎస్" అక్షరం, మొదటిసారి రాసుకుని, 1684లో అవకలనం మీద చిన్న వ్యాసం అచ్చువేయించాడు. ఎవరు ముందు అన్న తగువులో 1712లో రాయల్ సొసైటీ న్యూటన్ వైపు తీర్పు చెప్పింది. ఆ సొసైటీ అధ్యక్షుడు న్యూటనే, ఆ నివేదిక రాసిందీ చాలావరకు ఆయనే :) దాంతో ఇంగ్లండు వాళ్ళు పంతానికి పోయి న్యూటన్ చుక్కల గుర్తుల్నే పట్టుకుని వందేళ్ళు వెనకబడ్డారు. చివరికి 1812లో కేంబ్రిడ్జి కుర్రాళ్ళు కొందరు సంఘం పెట్టి మరీ లైబ్‌నిజ్ గుర్తుల్ని తెచ్చుకున్నారు. వాళ్ళలో ఒకడు చార్లెస్ బాబేజ్, మన కంప్యూటర్లవాళ్ళ తాతగారు. మీ అమ్మాయి పుస్తకంలో ఒకచోట డీవై బై డీఎక్స్, ఒకచోట ఎఫ్ మీద చిన్న గీత, ఫిజిక్స్‌లో అక్షరం మీద చుక్క కనబడి కంగారు పడితే చెప్పండి, మూడూ ఒకటే. మొదటిది లైబ్‌నిజ్‌ది, రెండోది లగ్రాంజ్‌ది, మూడోది న్యూటన్‌ది.

ఇక అసలు చిక్కు, అవధి. న్యూటన్ లైబ్‌నిజ్‌ల లెక్కలు పనిచేశాయి గానీ ఎందుకు పనిచేశాయో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. 1734లో బర్క్‌లీ అనే మతాచార్యుడు నిలదీశాడు. చిన్న రాశిని ముందు సున్నా కాదంటారు, దాంతో భాగిస్తారు, ఆ తరవాత సున్నా అని తీసేస్తారు, ఇదెక్కడి తర్కం? సరైన జవాబు వైపు పెద్ద అడుగు పడింది 1821లో, ప్యారిస్‌లో కోషీ తన ఇంజినీరింగు విద్యార్థుల కోసం రాసిన పాఠ్యపుస్తకంలో. ఇప్పుడు పుస్తకాల్లో కనిపించే ఎప్సిలాన్ డెల్టా రూపం వయర్‌స్ట్రాస్ బెర్లిన్ పాఠాల వల్ల స్థిరపడింది. అంటే లైబ్‌నిజ్ వ్యాసం తరవాత 137 ఏళ్ళకి గానీ పునాది పడలేదు. అన్నట్టు, కోషీ విద్యార్థులు కూడా ఇంత తర్కం మాకెందుకని విసుక్కున్నారు, పై అధికారులు ఆయన్ని సిద్ధాంతం తగ్గించమన్నారు. రెండొందల ఏళ్ళ కిందట ప్యారిస్‌లో ఇంజినీరింగు పిల్లలు పడిన గొడవే మన పిల్లలు మొదటి మూడు వారాల్లో పడతారు. ఇల్లు కట్టాక వేసిన పునాదిని మనం క్లాసులో ముందు చూపిస్తున్నాం. తర్కం ప్రకారం అదే సరైన వరస, కాదనను. కానీ అర్థం కాకపోవడం మొద్దుతనం కాదని పిల్లలకి ఎవరో ఒకరు చెప్పాలి.

పేర్ల సంగతి కూడా చూడండి. అరబిక్‌లో అవకలనాన్ని తఫాదుల్ అంటారు, సమాకలనాన్ని తకాముల్ అంటారు. తకాముల్ అంటే పూర్ణం కావడం. హైదరాబాదులో మనం "కమాల్ హై" అంటామే, ఆ కమాల్‌దీ అదే ధాతువు. ఇక మన తెలుగు. కూడికని సంకలనం, తీసివేతని వ్యవకలనం అని చిన్నప్పుడు నేర్చుకున్నాం. సమాకలనం, అవకలనం అన్న మాటల్లోనూ అదే కలనం ఉంది. చాలా చిన్న తేడాలు తీస్తే అవకలనం, చాలా చిన్న ముక్కలు కూడితే సమాకలనం. రెంటిదీ తీసివేత, కూడికల సంబంధమే కాబట్టి అవి విలోమాలు కావడంలో వింత లేదు. ఇంగ్లీషు మాటల్లో కనపడని విషయం తెలుగు మాటల్లో పైకే కనిపిస్తోంది. ఆ అమ్మాయికి తెలుగు చదవడం రాదు, మాట్లాడ్డం వచ్చు. ఈ నాలుగు మాటలూ పక్కపక్కన చెప్పేసరికి "ఇది మా టెక్స్ట్‌బుక్‌లో ఎందుకు లేదు అంకుల్?" అని అడిగింది.

అమెరికన్ కోర్సు ఇప్పుడున్న రూపానికి రావడం వెనక కూడా కథ ఉంది. 1951లో ఎమ్ఐటీలో జార్జ్ థామస్ రాసిన పుస్తకం, 1987లో కెనడా ఆయన జేమ్స్ స్టూవర్ట్ రాసిన పుస్తకం తరాల్ని పెంచాయి. (స్టూవర్ట్ ఆ డబ్బుతో టొరాంటోలో కచేరీ హాలుతో సహా ఇల్లు కట్టి దానికి ఇంటిగ్రల్ హౌస్ అని పేరు పెట్టాడు. లెక్కల పుస్తకాలు రాస్తే కూడు పెట్టవని ఎవరన్నారు!) అయితే 1980ల నాటికి చాలామంది ఫెయిలవుతున్నారని, పాసైనవాళ్ళకి కూడా సూత్రాలు తప్ప ఏమీ రావట్లేదని అక్కడి ప్రొఫెసర్లే గోల పెట్టారు. 1986లో న్యూ ఆర్లియన్స్‌లోని టులేన్‌లో సమావేశం జరిగింది. దాన్నించి సంస్కరణ ఉద్యమం పుట్టింది. ప్రతి విషయాన్నీ సూత్రంతోనే కాక గ్రాఫుతో, అంకెల పట్టికతో, మాటలతో కూడా చెప్పించాలన్నారు. మన ట్యాంకు ప్రశ్న ఆ ఉద్యమం పెట్టిన బిడ్డే.

నాకు అన్నిటికన్నా నచ్చినది మాత్రం యూరి ట్రైస్‌మన్ చేసిన పని. 1970ల్లో బర్క్‌లీలో నల్లజాతి విద్యార్థులు కాల్‌క్యులస్‌లో ఎక్కువగా తప్పుతున్నారు, చైనా సంతతి పిల్లలు బాగా చేస్తున్నారు. ఎందుకు? పట్టుదల లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, ఇలా అందరూ తలో కారణం చెప్పారు. ఆయన పిల్లల వెంట తిరిగి, వాళ్ళు చదువుకునే చోట్లకి వెళ్ళి చూస్తే అవేవీ నిజం కాదు. తప్పుతున్న పిల్లలు కష్టపడుతున్నారు, కానీ ఒంటరిగా. రెండోవాళ్ళు కలిసి కూర్చుని, ఒకరి లెక్క ఒకరు దిద్దుకుని, వాదించుకుంటున్నారు. ఆయన కష్టమైన లెక్కలతో కలిసి చేసే తరగతులు పెడితే ఫలితాలు మారిపోయాయి.

మన అమ్మాయి కూడా గది తలుపేసుకుని రాత్రి రెండింటిదాకా ఒక్కతే చదివేది. ఆ శుక్రవారం తరవాత చేసిందల్లా రెండు పనులు. క్లాసులో ఇద్దరు అమ్మాయిల్ని, ఒక సిరియా అమ్మాయి, ఒక ఖతారీ అమ్మాయి, అడిగి వారానికి రెండుసార్లు లైబ్రరీలో కూర్చోవడం. ప్రొఫెసరు ఆఫీసు గంటలకి వెళ్ళడం. కోర్సు వదులుకోలేదు. రెండో మిడ్‌టర్మ్ 71, చివరికి బి గ్రేడు. స్కాలర్‌షిప్పు నిలిచింది. సినిమాలోలాగా ఫస్టు రాలేదు, అవసరమూ లేదు.

కాబట్టి ఈ కోర్సుకి వెళ్ళబోయే పిల్లలకి, వాళ్ళ అమ్మానాన్నలకి నేను చెప్పేది ఇది. మీరు స్కూల్లో నేర్చుకున్న సూత్రాలు వృథా కావు, కానీ అవి పేపర్లో సగమే. "ఎందుకు" అన్న మాట కనిపిస్తే రెండు వాక్యాలు రాయడం అలవాటు చేసుకోండి, మార్కులు అక్కడున్నాయి. చేతిలో జారిపోయేది చాలాసార్లు కాల్‌క్యులస్ కాదు, అంతకు ముందరి బీజగణితం, త్రికోణమితి. వేసవిలో పై క్లాసు పుస్తకం ముందే చదివే బదులు అవి గట్టి చేసుకోండి. అవధుల దగ్గర తల తిరిగితే 137 ఏళ్ళు గుర్తు తెచ్చుకుని ముందుకి కదలండి, రెండు నెలల తరవాత వెనక్కి వస్తే తేలిగ్గా అనిపిస్తుంది. రెండో కోర్సులో శ్రేణుల దగ్గర ఇంకో గోడ వస్తుంది, అప్పుడు ఒక మలయాళీ స్నేహితుణ్ణి పక్కన పెట్టుకోండి :) సెమిస్టరు మొదటి రోజు ఇచ్చే కాగితంలో కోర్సు వదులుకునే ఆఖరు తేదీ ఎక్కడుందో చూసి గుర్తు పెట్టుకోండి. ప్రొఫెసరు గదికి వెళ్ళి అడగడం నామోషీ కాదు, ఆ గంటలకి కూడా మీ ఫీజులో భాగం ఉంది. పెద్దవాళ్ళకి ఒకే ఒక్క మాట. 2010లో అమెరికాలో జరిగిన పెద్ద సర్వేలో, కోర్సు చివరికి పిల్లలకి లెక్కల మీద నమ్మకం, ఇష్టం రెండూ తగ్గినట్టు తేలింది. ఆ తగ్గేదాన్ని ఇంట్లో మనం ఇంకా తగ్గించకపోతే చాలు.

"మీ ఉద్యోగంలో ఇదంతా ఎప్పుడైనా వాడారా?" అని అడుగుతారు పిల్లలు. నిజం చెప్పాలంటే, నా కన్సల్టింగ్ ఉద్యోగంలో ఇన్నేళ్ళలో చేత్తో ఒక్క సమాకలనం చెయ్యలేదు. కానీ ఇవాళ అందరూ చెప్పుకునే న్యూరల్ నెట్‌వర్కులకి చదువు చెప్పే పద్ధతి, 1986లో రుమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ రాసిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చినది, అడుగున చూస్తే మొదటి కోర్సులో వచ్చే చైన్ రూలే. తప్పు ఎంతో కొలిచి, ఏ మీటని కొంచెం తిప్పితే ఆ తప్పు ఎంత మారుతుందో కనుక్కుని, చిన్న చిన్న అడుగులుగా సర్దుకుంటూ పోవడం. మొదటి మిడ్‌టర్మ్ తరవాత చెయ్యాల్సిన పని కూడా అదే.